వాన కబురు చెప్పేవారి చదువు

టెలివిజన్‌లోనో రేడియోలోనో రేపటి వాన సంగతి చెప్పేవారిలో రెండు రకాలవారు ఉంటారు. వాతావరణ కేంద్రం పంపిన ప్రకటనను తప్పుల్లేకుండా, స్పష్టంగా చదివి వినిపించేవారు మొదటి రకం. ఉపగ్రహ చిత్రాలను, రాడార్ దృశ్యాలను, గాలి పీడన పటాలను స్వయంగా పరిశీలించి, తమ అంచనాను తామే కట్టుకొని, దాన్ని వంటింట్లో ఉన్నవారికీ పొలంలో ఉన్నవారికీ అర్థమయ్యే మాటల్లో చెప్పేవారు రెండవ రకం. ఈ రెండవ రకం వారినే ప్రసార వాతావరణ శాస్త్రవేత్తలు అంటారు. మన దేశంలో మొదటి రకంవారే ఎక్కువగా కనిపిస్తారు. అమెరికాలో మాత్రం రెండవది ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగి, దానికంటూ డిగ్రీలు, పరీక్షలు, ధ్రువీకరణలు ఏర్పడ్డాయి. ఆ వృత్తిలోకి వెళ్లదలచిన విద్యార్థి ఏ కళాశాలను ఎంచుకోవాలి, ఎంచుకునేటప్పుడు దేన్ని ముందు చూడాలి, దేన్ని తరువాత చూసినా నష్టం లేదు అన్నవి ఈ ప్రసంగానికి విషయాలు.

ఈ వృత్తి పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలిస్తే ఎంపికకు ఆధారం దొరుకుతుంది. 1950లలో అమెరికా టెలివిజన్ కేంద్రాలు ప్రేక్షకుల కోసం పోటీపడుతున్న రోజుల్లో వాతావరణ వార్తలు దాదాపు వినోద కార్యక్రమాలుగా మారాయి. హాస్యగాళ్లు, తోలుబొమ్మలవంటి ఆటబొమ్మలు, కేవలం అందం కోసం నిలబెట్టిన యువతులు రేపటి ఎండావానల గురించి చెప్పేవారు. శాస్త్రజ్ఞులకు ఇది సహజంగానే రుచించలేదు. 1919లో ఏర్పడిన అమెరికన్ మెటీరియొలాజికల్ సొసైటీ 1957లో ఒక ఆమోదముద్ర పథకాన్ని ప్రారంభించి, చెప్పే విషయంలో శాస్త్రం, చెప్పే తీరులో స్పష్టత రెండూ ఉన్నవారికే ఆ ముద్ర ఇవ్వసాగింది. 2005లో అదే సంస్థ దానికన్నా కఠినమైన మరొక ధ్రువీకరణను తెచ్చింది. అది కావాలంటే వాతావరణ శాస్త్రంలో గానీ దానికి సమానమైన శాస్త్రంలో గానీ డిగ్రీ ఉండాలి, రాతపరీక్ష నెగ్గాలి, ప్రసారమైన కార్యక్రమాల నమూనాలు సాటి నిపుణుల పరిశీలనకు నిలవాలి. పాత ముద్రను 2008 తరువాత కొత్తవారికి ఇవ్వడం మానేశారు. అంటే, చక్కగా మాట్లాడగలిగితే చాలునన్న దశ నుంచి గణితం, భౌతికశాస్త్రం వచ్చి తీరాలన్న దశకు ఈ వృత్తి యాభై ఏళ్లలో చేరింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. ఈ ధ్రువీకరణ వ్యక్తులకు ఇచ్చేదే గాని కళాశాలలకు ఇచ్చేది కాదు కనుక, ఫలానా సొసైటీ గుర్తింపు ఉన్న వాతావరణ డిగ్రీ అని ఏ కరపత్రంలోనైనా కనిపిస్తే ఆ మాటను రెండుసార్లు చదివి చూడాలి. కళాశాలను కొలవడానికి ఇంతకన్నా నమ్మదగిన కొలబద్ద మరొకటి ఉంది. అమెరికా ప్రభుత్వం తన జాతీయ వాతావరణ సేవలో శాస్త్రవేత్తల నియామకానికి విధించిన అర్హతల ప్రకారం వాతావరణ శాస్త్రంలో కనీసం 24 సెమిస్టర్ గంటల చదువు ఉండాలి. అందులో 6 గంటలు గతిశాస్త్రానికీ ఉష్ణగతిశాస్త్రానికీ, మరో 6 గంటలు వాతావరణ వ్యవస్థల విశ్లేషణకూ అంచనాకూ చెందాలి. దీనికి తోడు భౌతికశాస్త్రం, అవకలన సమీకరణాలు విడిగా చదివి ఉండాలి. సెమిస్టర్ గంట అంటే ఒక అర్ధసంవత్సరం పొడవునా వారానికి ఒక గంట చొప్పున సాగే బోధన. విద్యార్థి టెలివిజన్‌కే వెళ్తానని నిశ్చయించుకున్నా, తాను చేరబోయే డిగ్రీ ఈ జాబితాను పూర్తిగా తీరుస్తుందో లేదో పాఠ్యప్రణాళిక పక్కన పెట్టుకొని సరిచూసుకోవాలి. తీర్చని డిగ్రీలు కూడా వాతావరణం పేరుతో ఉన్నాయి.

గతిశాస్త్రం అనే మాట వినగానే చాలామంది విద్యార్థులు వెనక్కి తగ్గుతారు. గాలి ఎందుకు కదులుతుంది, కదిలినది ఎందుకు వంగుతుంది అన్న ప్రశ్నలకు సమీకరణాల్లో జవాబు చెప్పేదే వాతావరణ గతిశాస్త్రం. అధిక పీడనం నుంచి అల్పపీడనం వైపు పరుగెత్తవలసిన గాలి, భూమి తన చుట్టూ తాను తిరగడంవల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు మళ్లుతుంది. ఈ మళ్లింపుకు కారణంగా చెప్పే దాన్ని కోరియాలిస్ బలం అంటారు. వేడెక్కిన గాలి పైకి లేచి, చల్లబడి, అందులోని ఆవిరి నీటిబిందువులై, ఆ మార్పులో విడుదలైన వేడి మళ్లీ గాలిని ఇంకా పైకి నెట్టడం ఉష్ణగతిశాస్త్ర విషయం. మొదటి రెండేళ్లు కలన గణితంతో, భౌతికశాస్త్రంతో గడిచి, మూడో ఏడు ఈ పాఠాలు మొదలయ్యేసరికి, మబ్బుల మీద ప్రేమతో చేరినవారిలో కొందరు వేరే శాఖలకు మారిపోవడం అక్కడి కళాశాలల్లో మామూలే. అందువల్ల గణితంలో వెనకబడిన విద్యార్థికి ఆ రెండేళ్లలో చేయూత ఎంత దొరుకుతుందన్నది స్టూడియో ఎంత పెద్దదన్న ప్రశ్నకన్నా ముందు అడగవలసినది.

అయినా స్టూడియోను తేలికగా కొట్టివేయడానికి లేదు. టెలివిజన్ వాతావరణ పటం ముందు నిలబడే వ్యక్తికి నిజానికి పటం కనిపించదు. వెనుక ఉన్నది ఉత్త ఆకుపచ్చ గోడ. ఆ పచ్చరంగును యంత్రం తొలగించి, దాని స్థానంలో పటాన్ని చేరుస్తుంది కాబట్టి అది చూసేవారికే కనబడుతుంది. చెప్పేవారు గోడకు అటూ ఇటూ ఉంచిన చిన్న తెరల్లో తమ బొమ్మను తామే చూసుకుంటూ, ఖాళీ గోడమీద ఎక్కడ ఏ ఊరుందో అంచనా వేసి చెయ్యి పెట్టాలి. మొదటి రోజుల్లో విద్యార్థి చెయ్యి ఊరు దాటి పక్క రాష్ట్రంలో పడుతుంది. పచ్చచొక్కా వేసుకొస్తే మనిషి మొండెం మాయమై తల మాత్రం మేఘాల మధ్య తేలుతుంది. వాతావరణ భాగానికి చాలాచోట్ల ముందే రాసిన ప్రతి ఉండదు. రెండు మూడు నిమిషాలు, అరచేతిలో పటాలు మార్చే చిన్న మీట, చెవిలో ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో చెప్పే నిర్మాత గొంతు, ఇంతే సామగ్రి. ఇదంతా అభ్యాసంతో వచ్చే విద్యే కనుక, ఒకటి రెండు సెమిస్టర్లు కళాశాల స్టూడియోలోనూ, ఒక వేసవి ఏదైనా స్థానిక కేంద్రంలో శిక్షణార్థిగానూ గడిపితే పట్టుబడుతుంది. గతిశాస్త్రం అలా ఒక వేసవిలో పట్టుబడదు.

ఈ రెంటికీ నడుమ మరొక విద్య ఉంది. కళాశాలల మధ్య అసలు తేడా తెలిసేది అక్కడే. విద్యార్థి ప్రతిరోజూ అంచనా కట్టి, మర్నాడు దాన్ని జరిగినదానితో పోల్చుకొని, తప్పుకు లెక్క చెప్పవలసిన ఏర్పాటు ఉందా లేదా అన్నదే చూడవలసిన సంగతి. ఓక్లహోమా విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న డబ్ల్యూఎక్స్ ఛాలెంజ్ అనే పోటీలో అమెరికాలోని అనేక కళాశాలల విద్యార్థులు పాల్గొంటారు. ఒక నగరాన్ని రెండు వారాలపాటు తీసుకొని, మర్నాటి గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, గాలి అత్యధిక వేగం, వాన పరిమాణం, ఈ నాలుగింటినీ ముందుగా చెప్పాలి. తప్పు పెరిగినకొద్దీ పాయింట్లు పెరుగుతాయి, తక్కువ పాయింట్లు వచ్చినవారే గెలుస్తారు. ఎప్పుడూ చూడని ఊరి గాలివానలను ఇలా ఊహించవలసి వచ్చినప్పుడు, ఆ ఊరు కొండపక్కన ఉందా, సరస్సు ఒడ్డున ఉందా, రాత్రి మబ్బు పడితే అక్కడ చలి ఎంత తగ్గుతుంది అన్న విషయాలు విద్యార్థికి తప్పనిసరిగా పట్టుబడతాయి. కంప్యూటర్ నమూనా ఇచ్చిన అంకెను ఎత్తి రాసినవాడు చాలా రోజులు గెలుస్తాడు. నమూనా ఏ రోజు తప్పుతుందో పసిగట్టగలిగినవాడే పోటీ చివర ముందుంటాడు. కొన్ని శాఖల్లో ఇప్పటికీ పరిశీలనా కేంద్రాల అంకెలున్న ఖాళీ పటాన్ని, పెన్సిలును, రబ్బరును చేతికిచ్చి సమభార రేఖలు గీయిస్తారు. ఒకే పీడనం ఉన్న చోట్లను కలుపుతూ గీసే వంపుగీతలే సమభార రేఖలు. కంప్యూటర్ క్షణంలో గీసే గీతను అరగంట చెమటోడ్చి గీయడం వృథా శ్రమగా కనిపించవచ్చు గాని, ఏ అంకె పక్క అంకెలతో పొసగడం లేదో, అంటే ఏ పరికరం తప్పు చూపిస్తున్నదో, కంటికి తెలిసేది అప్పుడే.

ఇక ఊళ్ల సంగతి. ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ పట్టణాన్ని ఈ చదువుకు రాజధాని అనుకుంటే అతిశయోక్తి కాదు. 1948 మార్చి 25న ఆ ప్రాంతంలోని టింకర్ వైమానిక స్థావరంలో ఇద్దరు సైనికాధికారులు చెప్పిన అంచనా, టోర్నడో గురించి విజయవంతమైన తొలి అంచనాగా చరిత్రకెక్కింది. టోర్నడో అంటే ఉరుముల మేఘం అడుగునుంచి నేలదాకా దిగే భీకరమైన సుడిగాలి. 2006లో ప్రారంభమైన అక్కడి జాతీయ వాతావరణ కేంద్ర భవనంలో ఓక్లహోమా విశ్వవిద్యాలయ శాఖ, తీవ్ర తుఫానుల పరిశోధనశాల, దేశమంతటికీ టోర్నడో సూచనలిచ్చే కేంద్రం ఒకే కప్పు కింద ఉన్నాయి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం మరో తరహాది. అక్కడి శాఖ వెదర్ వరల్డ్ అనే టెలివిజన్ కార్యక్రమాన్ని తానే తయారుచేస్తూ వచ్చింది. ఆ ఊళ్లోనే జోయెల్ మైయర్స్ 1962లో స్థాపించిన ఆక్యువెదర్ సంస్థ కూడా ఉంది. మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయం ప్రసార వాతావరణ శాస్త్రాన్నే ప్రత్యేక విభాగంగా నడుపుతూ, దూరవిద్య ద్వారా కూడా వృత్తిలో ఉన్నవారిని తీర్చిదిద్దడంవల్ల అమెరికా టెలివిజన్ కేంద్రాల్లో చాలామంది ఆ బడివారే కనిపిస్తారు. వెర్మాంట్‌లోని లిండన్ 2018 దాకా విడిగా ఉన్న చిన్న కళాశాలే అయినా, వెదర్ ఛానెల్‌లో తుఫానుల మధ్య నిలబడి మాట్లాడే జిమ్ కాంటోరీ చదివింది అక్కడే.

ఈ పేర్లలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరస పెట్టడం వల్ల విద్యార్థికి ఒరిగేది తక్కువ. కళాశాల ఉన్న చోట ఏ రకం వాతావరణం ఉంటుందో, విద్యార్థికి రోజూ కిటికీలోంచి అదే కనిపిస్తుంది. మంచుతుఫానులు వచ్చే చోట చదివినవారికి మంచు తెలుస్తుంది, సుడిగాలులు వచ్చే చోట చదివినవారికి సుడిగాలి తెలుస్తుంది. తిరిగి వచ్చి బంగాళాఖాతపు తుఫానుల గురించి మాట్లాడదలచిన తెలుగు విద్యార్థికి ఇది మరీ ముఖ్యం. అమెరికా పాఠ్యపుస్తకాల్లో చల్లని గాలీ వెచ్చని గాలీ ఢీకొనే సరిహద్దులకు ఉన్న ప్రాధాన్యం మన వాతావరణానికి సరిపోదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ కోరియాలిస్ ప్రభావం తగ్గుతుంది, పీడనంలో తేడాలు కూడా స్వల్పంగానే ఉంటాయి. అందుకే ఉష్ణమండల వాతావరణ శాస్త్రాన్ని గట్టిగా బోధించే ఫ్లారిడా స్టేట్, కొలరాడో స్టేట్ వంటి విశ్వవిద్యాలయాలను అలాంటి విద్యార్థి ముందుగా పరిశీలించాలి. ఫ్లారిడా స్టేట్‌కు మనతో ఒక బంధం కూడా ఉంది. అక్కడ దశాబ్దాలపాటు బోధించి, అనేక నమూనాల అంచనాలను వాటి వాటి గత తప్పుల తూకంతో కలిపి ఒకే అంచనాగా మార్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన టి.ఎన్. కృష్ణమూర్తి, షికాగోలో డాక్టరేటు చేయడానికి ముందు స్నాతకోత్తర పట్టా పొందినది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే.

విదేశానికి వెళ్లదలచినవారు చూసుకోవలసిన లౌకిక విషయం ఒకటుంది. అమెరికాలో విద్యార్థి వీసాపై చదివినవారికి డిగ్రీ అయ్యాక వృత్తిశిక్షణ పేరిట 12 నెలలు పనిచేసే వీలుంటుంది. ఆ డిగ్రీ శాస్త్ర సాంకేతిక వర్గంలో నమోదై ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. వాతావరణ శాస్త్రం ఆ వర్గంలోకి వస్తుంది, పాత్రికేయ విద్య రాదు. ఒకే స్టూడియోలో ఒకే పని నేర్పే రెండు డిగ్రీల్లో ఒకటి మూడేళ్లు, మరొకటి ఏడాది ఇస్తాయన్నమాట. అందువల్ల కరపత్రం మీది పేరుకన్నా డిగ్రీ ఏ వర్గంలో నమోదైందో కళాశాల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది. పైన చెప్పిన ప్రభుత్వ వాతావరణ సేవలో ఉద్యోగాలకు సాధారణంగా అమెరికా పౌరసత్వం కావాలి కనుక, ఆ దారి మూసుకున్నవారికి ప్రైవేటు కేంద్రాలు, అంచనాల సంస్థలే మిగులుతాయి. అక్కడి టెలివిజన్ రంగాన్ని 210 ప్రసార ప్రాంతాలుగా విభజించారు. కొత్తగా పట్టా పుచ్చుకున్నవారు చాలావరకు ఆ వరసలో అడుగున ఉండే చిన్న ఊళ్లలో, తెల్లవారుజామున రెండింటికి లేచి వెళ్లవలసిన ఉదయపు కార్యక్రమాలతో మొదలుపెడతారు. బిడ్డ న్యూయార్క్ తెరమీద కనిపిస్తుందని ఊహించుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే తెలియడం మేలు.

స్వదేశంలోనే చదవదలచినవారికి దారి ఇలా పేరు పెట్టి సిద్ధంగా లేదు, అలాగని మూసుకొనీ లేదు. గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ పూర్తిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వాతావరణ, సముద్ర శాస్త్రాల శాఖలోనో, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రంలోనో, కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలోనో పై చదువు చదవవచ్చు. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరికల కేంద్రం, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ మన తీరంలోనే ఉన్నాయి. డాప్లర్ రాడార్ అంటే వానచినుకుల నుంచి తిరిగివచ్చే తరంగాలను బట్టి వాన ఎక్కడుందో మాత్రమే కాక, గాలి రాడార్ వైపు వస్తున్నదో దూరంగా పోతున్నదో కూడా చెప్పగల పరికరం. లేనిదల్లా ప్రసార శిక్షణ. దాన్ని ఆకాశవాణిలో తాత్కాలిక వ్యాఖ్యాతగానో, ఏదైనా ప్రాంతీయ ఛానెల్‌లోనో విద్యార్థి విడిగా సంపాదించుకోవాలి.

ఇంత శాస్త్రం ఎందుకన్న సందేహానికి ఓక్లహోమాలోనే జవాబుంది. 1999 మే 3న ఓక్లహోమా సిటీ శివార్లను తాకిన టోర్నడోలో రాడార్ కొలిచిన గాలివేగం గంటకు 480 కిలోమీటర్లు దాటింది. 36 మంది మరణించారు. అంతటి సుడి జనావాసాల మీదుగా పోయినప్పుడు మరణాలు ఆ సంఖ్య దగ్గర ఆగడానికి ముందస్తు హెచ్చరికలు, గంటల తరబడి ఆగకుండా సాగిన టెలివిజన్ ప్రసారాలు ముఖ్య కారణాలని అక్కడివారు భావిస్తారు. ఆనాడు ప్రసారాల్లో ప్రముఖంగా కనిపించిన గ్యారీ ఇంగ్లండ్ 1965లో ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో గణితం, వాతావరణ శాస్త్రాల్లో పట్టా పొందినవాడు. పద్నాలుగేళ్ల తరువాత, 2013 మే 31న, అదే ప్రాంతానికి ఎల్ రెనో వద్ద 4 కిలోమీటర్లకు పైగా వెడల్పున్న టోర్నడో వచ్చినప్పుడు, కార్లెక్కి దక్షిణంగా వెళ్లిపొమ్మన్న సలహా ఒకటి ప్రసారంలో వినిపించింది. దానికి జనంలోని భయం తోడై రహదారులు కిక్కిరిసిపోయాయి. సుడి నగరాన్ని చేరకముందే అణగిపోబట్టి సరిపోయింది గాని, కదలని కార్ల వరసమీదికే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. రెండు సందర్భాల్లోనూ రాడార్లు ఉన్నాయి, తెరలు ఉన్నాయి, అనుభవమూ ఉంది. తేడా వచ్చింది నోటి నుంచి వెలువడే ఒక్క వాక్యం దగ్గర.

ఆ వాక్యాన్ని కూర్చడం నేర్పే పాఠం ఏ కళాశాలలో ఉందో వెతకాలి. కొన్ని శాఖలు ఇటీవల ప్రమాద సమాచార ప్రసరణ అనే పేరుతో సామాజిక శాస్త్రాన్ని కూడా ఈ చదువులో చేరుస్తున్నాయి. వాన పడే అవకాశం 40 శాతం అనే ప్రకటననే తీసుకుంటే, అమెరికాలో 1965 నుంచి దేశమంతటా ఇలాగే చెబుతున్నా, దాన్ని రోజులో 40 శాతం సేపు వాన పడుతుందని, లేదా జిల్లాలో 40 శాతం చోట్ల పడుతుందని అనుకునేవారు నేటికీ ఉన్నారు. ఒక చోట, అలాంటి పరిస్థితులున్న పది రోజుల్లో నాలుగు రోజులు వాన కురుస్తుందన్నది దాని తాత్పర్యం. తెలుగులో ఈ చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలులుంటే వాయుగుండం, 62 దాటితే తుఫాను అన్న వర్గీకరణ శాస్త్రానిది. పామరుల వాడుకలో ముసురు పట్టిన ప్రతి వానా తుఫానే. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియో చెబితే, ఓడరేవుల్లో 1 నుంచి 11 దాకా ఉండే సంకేతాల్లో అది ఎక్కడిదో జాలరికి తెలుస్తుంది గాని, లోపలి ఊళ్లలో వినేవారికి మూడు పెద్దదో చిన్నదో తెలియదు. టెలివిజన్‌లో రంగు చూపించి తప్పించుకోవచ్చు, పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఆ పని చేస్తాయి. రేడియోలో పటం లేదు, రంగు లేదు. ఏ ఊరికి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎటువైపు కదులుతున్నదో మాటతోనే బొమ్మ కట్టాలి. ప్రసార విద్యలో రేడియో అభ్యాసాన్ని తప్పనిసరి చేసిన కళాశాలకు, ఈ ఒక్క కారణంచేత, కొంచెం ఎక్కువ మార్కులు వేయవచ్చు.

తీరం దాటింది అన్న మాట దీనికి దగ్గరి ఉదాహరణ. తుఫాను కేంద్రం సముద్రం మీదినుంచి నేలమీదికి రావడాన్ని వాతావరణ శాస్త్రం అలా అంటుంది. సాధారణ శ్రోతకు దాటింది అంటే గండం గడిచిందని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు దాని కన్ను, అంటే సుడి నడిమధ్యన గాలి దాదాపు ఆగిపోయే భాగం, నగరం మీదుగా సాగింది. అప్పటిదాకా విరుచుకుపడిన గాలి కాసేపు నెమ్మదించి, తరువాత వ్యతిరేక దిశ నుంచి మళ్లీ లేచింది. ఆ నిశ్శబ్దంలో తలుపు తీసి బయటికి రాబోయే మనిషిని లోపలే ఆపడానికి మైకు ముందున్నవారికి ఉండే వ్యవధి కొన్ని నిమిషాలు. కంటి వెనకాల ఏముంటుందో వారికి పటం చూడకుండానే తెలిసి ఉండాలి, దాటింది అనే మాటకు బదులు మరో మాట నోట సిద్ధంగా ఉండాలి.